రేవు దాటే కారు, మాయమయ్యే ఆయిలు

నాది పుట్టుకతో అనుమానపు బుద్ధి. దానివల్ల ఇంట్లోవాళ్ళు సుఖపడింది లేదు గానీ షెడ్డులో మాత్రం దాని పుణ్యమా అనే నాకు నాలుగు మెతుకులు పుట్టాయి. బ్రేకు పట్టడం లేదని ఎవరైనా బండి తెస్తే నేను బ్రేకునీ నమ్మేవాణ్ణి కాదు, చెప్పిన మనిషినీ నమ్మేవాణ్ణి కాదు. స్వయంగా తొక్కి చూసుకుని, ఆ తర్వాత నా కాలుని కూడా ఒకసారి అనుమానించేవాణ్ణి. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకి నేను చెప్పేది కూడా అదే, అనుమానపడండని. కాకపోతే ఆ అనుమానం ఎక్కడ ఆగాలో చెప్పడం నాకు చేతకాదు. అందుకని ఒక కారు సంగతి చెప్తాను.

అమలాపురంలో ఒక పెద్ద షెడ్డులో నేను సూపర్‌వైజరుగా ఉన్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పుడప్పుడే మా వైపుకి టర్బో ఉన్న డీజిలు కార్లు రావడం మొదలైంది. టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సైలెన్సరులోంచి పోయే వేడి పొగని ఊరికే పోనివ్వకుండా దాంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పించి, ఆ చక్రం చేత ఇంజనులోకి ఎక్కువ గాలి కొట్టిస్తారు. దాంతో బండికి బలం వస్తుంది. మాకు దాని గురించి కంపెనీవాళ్ళు ఒక పూట శిక్షణ ఇచ్చారు. అందులో సగం పూట భోజనాలకే పోయింది.

ఆ కార్లలో ఒకటి ముక్తేశ్వరం దగ్గర ఉండే ఒక కొబ్బరి షావుకారుగారిది. ఆయన నన్ను మించిన అనుమానం మనిషి. కాయలు లెక్కపెట్టేవాడు పైకి పాడుతూ లెక్కపెడుతుంటే ఆయన కాయల్ని చూసేవారు కాదు, వాడి పెదవుల్ని చూసేవారు. కల్మషం లేని మనిషే, దానధర్మాలు కూడా చేసేవారు. కానీ ఎవరైనా తనని మోసం చేస్తారేమోనన్న బెంగ ఆయన్ని కంటినిండా నిద్రపోనిచ్చేది కాదు. కాకినాడలో ఆయనకి వ్యాపారం పనులుండేవి. అందుకని ఆ కారు రోజూ ముక్తేశ్వరం రేవులో, బళ్ళని దాటించే పంటు ఎక్కి, గోదావరి దాటి, కోటిపల్లి ఒడ్డున దిగి వెళ్ళేది.

ఆయన డ్రైవరు నెమ్మదస్తుడు. షావుకారుగారికి పాత జీపు ఉన్న కాలం నుంచీ ఆయన దగ్గరే ఉన్నాడు. షావుకారుగారి అన్నగారు కువైట్‌లో ఉండేవారు. అక్కడ ఆయన ఎరుగున్న ఒక పెద్ద ఇంటికి నమ్మకమైన డ్రైవరు కావాలని కబురు పంపితే, మన డ్రైవరునే పంపిద్దామని అనుకున్నారు. డ్రైవరు అప్పటికే పాస్‌పోర్టు తీయించుకుని, వీసా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కారు ఆయిలు తాగడం మొదలుపెట్టింది.

ఇంజనులో పోసిన ఆయిలు కొంచెం కొంచెంగా తగ్గడం మామూలే. కానీ ఈ కారుకి పోసిన ఆయిలు పోసినట్టు మాయమైపోతోంది. ఆయిలు గేజి కడ్డీ తీసి చూస్తే కొసకి కూడా తడి అంటడం లేదు. పోనీ ఎక్కడైనా కారుతోందా అంటే కింద ఒక్క చుక్క పడటం లేదు. షెడ్డులో స్టార్టు చేసి చూస్తే పొగ కూడా లేదు. ఊళ్ళో కాలవగట్టు మీద అటూ ఇటూ తిప్పి చూశాం. శుభ్రంగా ఉంది.

మా షెడ్డులో ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. అంబాసిడరు ఇంజన్లు కళ్ళు మూసుకుని విప్పి బిగించగలడు. ఏ ఇంజను ఆయిలు తాగినా ఆయనకి ఒకటే కారణం కనబడేది.

"పిస్టను రింగులు పోయేయండి. ఇందులో ఆలోచించడానికేముందండి? విప్పేద్దాం," అన్నాడు.

"కంప్రెషను బాగానే ఉంది కదండీ మేస్త్రిగారూ," అన్నాను.

"ఆ మీటరు మాట నమ్ముతారా, నా చెవి మాట నమ్ముతారాండి?"

మీటరు నిజం చెబుతోందన్న నమ్మకం నాకూ లేదు. పోనీ మేస్త్రి చెవి మీద నమ్మకం ఉందా అంటే అదీ లేదు. షావుకారుగారు మాత్రం విప్పమన్నారు. విప్పుతున్నంతసేపూ కుర్చీ వేసుకుని ఎదురుగా కూచున్నారు, లోపల మంచి సామాను తీసి పాతది వేస్తామేమోనని. తీరా విప్పి చూస్తే రింగులు పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయి. మేస్త్రి మొహం చిన్నబోయింది. ఇంజను మళ్ళీ బిగించాక చేతులు తుడుచుకుంటూ నన్ను పక్కకి పిలిచాడు.

"ఇంజను తాగట్లేదంటే మరి మనిషి అమ్ముకుంటున్నట్టేనండి. ఆ డ్రైవరు మీద ఓ కన్నేసి ఉంచండి."

తన చెవి తప్పు చెప్పిందని ఒప్పుకోవడం కంటే ఇంకొకణ్ణి దొంగని చెయ్యడం ఆయనకి తేలికగా తోచింది. ఆ మాట ఎలా పాకిందో గానీ సాయంత్రం అయ్యేసరికి షావుకారుగారి చెవిన పడింది.

అప్పటినుంచి మా షెడ్డులో ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరే మారిపోయింది. విడిభాగాల గది చూసే ఆయన ఇంటినుంచి వాళ్ళావిడ గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చాడు. ఎర్రది. ఇంజను అడుగున ఆయిలు వదిలే బోల్టుకీ, పైన ఆయిలు పోసే మూతకీ, కదిలితే గీత తప్పేలా దాంతో గీతలు పెట్టాం. డ్రైవరుకి తెలియకూడదని అతన్ని టీకి పంపి మరీ పెట్టాం. దొంగ దొరికిపోతాడని అందరం హుషారుగా ఉన్నాం.

కొన్నాళ్ళకి కారు వచ్చింది. గీతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయిలు మాత్రం అడుగంటింది.

అక్కడితో అనుమానం తీరాలి కదా? తీరలేదు, మావైపు తిరిగింది. షావుకారుగారు మమ్మల్నే అన్నారు, "మీరే తక్కువ పోసి పంపిస్తున్నారేమో, ఎవరికి తెలుసునండీ?" అని. మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. సరే, ఆయన ఎదురుగానే డబ్బా సీలు తీసి పోశాం. ఆయన చేత్తోనే కడ్డీ తీయించి చూపించాం. అయినా మళ్ళీ తగ్గింది. ఈసారి ఆయన చాలాసేపు ఆలోచించి, "కడ్డీ పెట్టే బొక్కలోంచి సన్న గొట్టం పెట్టి పీల్చి తీస్తున్నాడండి," అన్నారు. అంత తెలివితేటలు ఆ డ్రైవరుకే ఉంటే కువైట్ దాకా పోవడమెందుకు అనిపించింది నాకు. అలా అనిపించిన మరుక్షణమే, ఏమో, ఉన్నాయేమో అని కూడా అనిపించింది. నా బుద్ధి అలాంటిది మరి.

ఆ మధ్యలో డ్రైవరు మాతో ఒక మాట చెప్పాడు. "పొగొత్తాదండి. పంటు మీద స్టార్టు చేత్తే పొగొత్తాదండి."

"ఇక్కడ రావట్లేదేం?" అన్నాడు మేస్త్రి.

"ఇక్కడ రాదండి. పంటు మీదే వత్తాదండి."

మేస్త్రి నావైపు చూసి కన్ను గీటాడు. పొగ అమలాపురంలో రాదు, గోదావరి మీదే వస్తుందట. దొంగ మాట ఇలాగే ఉంటుందని ఆయన భావం. డ్రైవరు ఆ కన్ను గీటడం చూశాడు. తాళాలు తీసుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను అన్నం క్యారేజీ విప్పుతుంటే అతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఆయిలు సంగతి తేలేదాకా వీసా మాట ఎత్తొద్దన్నారండి బాబుగారు. కువైట్ ఫోను చేసి, ఆగమని చెప్పేసేరంటండి. ఊళ్ళో తెలిసిపోయిందండి. దొంగతనం చేసేడని మానిపిత్తే ఇంక నాకు ఇక్కడ కూడా ఎవరూ తాళాలియ్యరండి."

"నన్నేం చెయ్యమంటావు?"

"ఒక్కసారి నాతో పంటు దాకా రండి. మీరేం నమ్మక్కర్లేదండి. కూచుని సూడండి చాలు."

నమ్మక్కర్లేదు అన్న మాట నాకు నచ్చింది. కానీ ఒంటరిగా వెళ్తే ఏదో ఒకటి కల్పించి చూపిస్తాడేమోనన్న శంక కూడా పట్టుకుంది. అందుకని షావుకారుగారికి ఫోను చేసి, రేపు మీరు కాకినాడ వెళ్ళేటప్పుడు నేనూ వస్తానన్నాను. ఆయనా వెంటనే ఒప్పుకున్నారు. మేమిద్దరం ఏకమై ఏదైనా చేస్తామేమోనని ఆయనకీ శంక ఉండే ఉంటుంది.

మర్నాడు షావుకారుగారింటి దగ్గర, బయల్దేరే ముందు అందరం చూస్తుండగా కడ్డీ తీసి, ఆయిలు నిండుగా ఉందని చూసి, బానెట్ మూశాను. నేను ముందు సీట్లో, షావుకారుగారు వెనక. దారి పొడుగునా ఆయన అద్దంలో డ్రైవరు కళ్ళు చూస్తున్నారు. నేను డ్రైవరు చేతులు చూస్తున్నాను. డ్రైవరు పాపం రోడ్డు చూస్తున్నాడు.

రేవు దగ్గరికొచ్చేసరికి ఇసుక చివర పంటు నిండుతూ కనబడింది. అది వెళ్ళిపోతే మళ్ళీ వచ్చేదాకా ఎండలో పడిగాపులు.

"పోనీ, పోనీ! కదిలిపోద్ది," అని వెనకనుంచి షావుకారుగారు అరిచారు.

ఎండాకాలం కదా, గోదావరి లోపలికి వెళ్ళిపోయి రేవంతా ఇసుక. బళ్ళు దిగబడకుండా ఇసుకలో కొబ్బరి మట్టలు పరిచి దారి చేశారు. డ్రైవరు చిన్న గేరులో వేసి, గట్టిగా తొక్కి, ఆ మట్టల మీద బండిని గోలపెట్టించుకుంటూ తీసుకెళ్ళాడు. నా కాళ్ళ దగ్గర వేడి ఆవిరి కొట్టింది. అలాగే ఊపు తగ్గకుండా చెక్కల మీదుగా పంటు ఎక్కించాడు. ఎక్కీ ఎక్కకముందే పంటు మనిషి చెయ్యి ఊపుతూ, "ఇంజను ఆపండి, ఆపండి," అని కేకేశాడు. ఇంజను ఆపి చక్రం కింద చెక్క పెడితేగానీ వాళ్ళు తాడు విప్పరు. అది వాళ్ళ పద్ధతి. అదే క్షణంలో షావుకారుగారూ, "ఆపెయ్," అన్నారు. డ్రైవరు తాళం తిప్పేశాడు.

ఇంజను ఆగింది. కానీ బానెట్ కింద ఏదో ఇంకా తిరుగుతూనే ఉంది. సన్నగా సుయ్‌మంటూ, చివరికొచ్చేసరికి గరగరమని గీసుకుంటూ ఆగింది. షెడ్డులో ఆ చప్పుడు మేమెప్పుడూ వినలేదు. వినే అవకాశమే లేదు, మా దగ్గరికి వచ్చిన బండి ఎప్పుడూ మెల్లగా వచ్చి, కాసేపు ఆడి, ఆగేది.

పక్కన కూరగాయల బుట్ట పెట్టుకుని కూచున్న ఒకావిడ బుట్ట ఎత్తుకుని అటు చివరికి నడిచింది.

"ఏమ్మా, ఎందుకలా వెళ్ళిపోతున్నారు?" అని అడిగాను.

"ఇది పొగ పెట్టే కారండి బాబూ. దిగేటప్పుడు మా మీదే పెడతాది. రోజూ ఉన్నదే కదండీ," అంది.

పంటు మనిషి నవ్వాడు. "ఆయ్. ఈ కారొత్తే ఎవురూ ఎనకాల నిలబడరండి."

షావుకారుగారు ఉలిక్కిపడి చూశారు. "పొగేంటి? నేనెప్పుడూ చూళ్ళేదే?"

ఆయన చూడకపోవడానికి కారణం ఉంది. కారులో కూచుని చెక్కల మీదుగా దిగడమంటే ఆయనకి భయం. అందుకని పంటు ఒడ్డు తగలగానే ముందు తనే దిగి, వెనక్కి తిరిగి చూడకుండా టీ బడ్డీ దాకా నడిచి వెళ్ళిపోయేవారు. ఆ రోజు నేను ముందే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "ఉండండి, ఇవాళ మనం కూడా అందరితో పాటు చూద్దాం," అన్నాను.

కోటిపల్లి ఒడ్డు తగిలింది. డ్రైవరు స్టార్టు చేశాడు. సైలెన్సరులోంచి నీలంగా, చిక్కగా, తాలింపు మాడినట్టు పొగ లేచింది. ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి పొగ పల్చబడి అసలు లేకుండా పోయింది. ఇంకో పావుగంట పోయాక ఎవరైనా చూస్తే ఈ కారు అంత శుభ్రమైన కారు లేదంటారు.

ఒడ్డెక్కాక కారుని పక్కకి పెట్టించి, వేడి తగ్గేదాకా ఆగాం. టర్బోనుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం విప్పాను. లోపల వేలు పెట్టి తీస్తే వేలంతా ఆయిలు. గొట్టం వంచితే కొబ్బరాకుల నీడలో, ఇసుక మీదికి ధారగా కారింది. లోపలి చిన్న చక్రాన్ని పట్టుకుని కదిపితే ఊగిసలాడింది. ఇన్నాళ్ళూ మేమంతా వెతికిన దొంగ అదే.

షావుకారుగారికి అర్థమయ్యేలా చెప్పాను. "ఈ చక్రం విపరీతమైన వేగంతో తిరుగుతుందండి. దాని ఇరుసుకి చల్లదనమైనా, జారుడైనా ఇంజను పంపే ఆయిలే. ఇసుకలో అంత తొక్కించి, చక్రం ఎర్రగా కాలి తిరుగుతుండగా ఠక్కున ఇంజను ఆపేస్తే ఆయిలు రావడం ఆగిపోతుంది. చక్రం మాత్రం ఆగదు. ఉన్న కాస్త ఆయిలూ మూకుడు అడుగున మాడినట్టు మాడి గట్టిపడి, ఇరుసుని గీకేస్తుంది. రోజూ ఇలా జరిగి లోపలి సీలు పోయింది. అక్కణ్ణించి ఆయిలు అటు పొగలోకీ, ఇటు ఇంజనుకి వెళ్ళే గాలిలోకీ పోతోంది. వేడి మీద ఆపినప్పుడు అది లోపల చేరి, మళ్ళీ స్టార్టు చెయ్యగానే పొగై లేస్తోంది. కారు కొన్న రోజున చెప్పాను కదండీ, గట్టిగా నడిపాక ఆపే ముందు ఒక్క నిమిషం ఇంజనుని ఊరికే ఆడనివ్వండని?"

చెప్పానుగానీ ఎందుకో చెప్పలేదు. ఆ ఒక పూట శిక్షణలో మాకూ ఎందుకో ఎవరూ చెప్పలేదు.

షావుకారుగారు డ్రైవరు వైపు తిరిగారు. "విన్నావా? నువ్వు ఆడనివ్వలేదన్నమాట."

డ్రైవరు నావైపు తిరిగాడు. తల వంచుకుని చాలా మెల్లగా అన్నాడు. "మొదట్లో ఆడనిచ్చేనండి. పంటోళ్ళు అరిసినా ఆడనిచ్చేను. బాబుగారే వద్దన్నారండి. ఊరికే నిలబెట్టి డీజిలు కాలిపిస్తే అందులో మీకేదో వాటా ఉంటాదని, షెడ్డోళ్ళు అలాగే చెప్తారు, నువ్వు ఇనకు అన్నారండి. ఆ ఆపడానికీ ఈ ఆయిలుకీ లంకె ఉందని నాకేం తెలుసండి?"

షావుకారుగారి మొహంలో రంగులు మారాయి. గుర్తొచ్చిందని చూస్తేనే తెలిసింది. నా మీద అనుమానంతో ఆయన ఆపించిన ఆ నిమిషమే ఆయన ఇంజనుని తినేసింది. ఆ తర్వాత ఆ నష్టానికి డ్రైవరుని అనుమానించారు. గోళ్ళరంగు గీతలు ఆయన మెదడుకి పెట్టాల్సింది అనుకున్నాను, పైకి అనలేదు.

కారు సంగతి ఇక్కడితో అయిపోయింది. తర్వాత టర్బో మార్చాం, ఆయిలు తగ్గడం మానేసింది. మేస్త్రి మాత్రం చివరిదాకా, రింగులు కూడా కొంచెం అనుమానంగానే ఉన్నాయండి అంటూనే ఉన్నాడు. నేను మరిచిపోలేనిది ఆ రోజు కోటిపల్లి ఒడ్డున ఆ తర్వాత జరిగింది.

షావుకారుగారు గొంతు సవరించుకున్నారు. క్షమించమనడం ఆయనకి అలవాటు లేదు. "సరేలే. నీ తప్పేం లేదని తేలిపోయింది కదా. ఇవాళే అన్నయ్యకి ఫోను చేసి చెప్తాను. రేపు పాస్‌పోర్టు పట్టుకురా," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. డ్రైవరు మొహం వెలిగిపోతుందని చూశాను.

"వద్దండి బాబుగారు," అన్నాడతను.

"వద్దా? వీసా వద్దా? నీకేమైనా పిచ్చా? దొంగవి కాదని నేనే చెప్తున్నానుగా!"

"గొట్టంలో ఆయిలు సూసి చెప్తన్నారండి." అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. "మొన్న మీ అరుగు మీద, అందరి ముందూ, మా పాప తలమీద చెయ్యేసి పెమాణం చెయ్యమన్నారు. చేసేను. అయినా మీరు నమ్మలేదు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. షావుకారుగారు ఇసుకలోకి చూస్తున్నారు.

"అదేం పెద్ద మాటరా, కోపంలో అన్నాను. ఎన్నో ఏళ్ళ మనిషివి నువ్వు. ఆ ఒక్క మాటకి వీసా వదులుకుంటావా?"

"నేను మర్చిపోదునండి. ఆ పిల్లే మర్చిపోటల్లేదు. ఆ రోజునుంచి రోజూ పడుకునేటప్పుడు అడుగుతుందండి. నాన్నా, నువ్వు అబద్ధం చెప్పుంటే నేను సచ్చిపోయేదాన్నా అని. దాన్ని ఇలా వదిలేసి కువైట్ ఎలా పోతానండి?"

చెయ్యి చాచి తాళాలు షావుకారుగారికి అందించాడు. ఆయన తీసుకోలేదు. అప్పుడు బానెట్ మీద పెట్టి, నాకు నమస్కారం చేసి, ముక్తేశ్వరం వెళ్ళడానికి నిండుతున్న పంటు ఎక్కేశాడు.